మారుతీ 800ను రేసు బండి కోసం విప్పే పద్ధతి: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు ముట్టుకోకూడదు

పాత మారుతీ 800 చేతికి రాగానే గ్రైండర్ అందుకునేవాళ్లే ఎక్కువ. అలా మొదలైన బండ్లలో సగం షెడ్డు మూలనే ఉండిపోతాయి. వైర్లు మధ్యలో తెగి వేలాడుతుంటాయి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి, ఏ బ్రాకెట్ ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఈ పనిలో గ్రైండర్ వాటా తక్కువ, అదీ ఆఖర్లోనే. ముందంతా పానాలు, మార్కర్ పెన్ను, జిప్ కవర్లతోనే పని. తీసే ప్రతి ముక్క గురించీ తీసినప్పుడే తేల్చేసుకోవాలి: బండిలోకి తిరిగి వస్తుందా, అమ్ముతామా, తుక్కుకు వేస్తామా. ఆ నిర్ణయం వాయిదా వేసిన కొద్దీ షెడ్డు నిండుతుంది, పని ఆగుతుంది.

ఈ బండినే ఎంచుకోవడానికి కారణం సులువే. 1983 డిసెంబరులో మొదలై 2014 వరకు తయారైన కారు కాబట్టి ఏ ఊళ్లో అయినా పార్టులు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా చేతికి అలవాటే. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, మామూలు మోడళ్లలో 40 హార్స్‌పవర్ లోపు. కానీ బండి తూకం 650 కిలోల దగ్గర్లో ఉంటుంది. ఇంత చిన్న ఇంజిన్‌కు శక్తి పెంచాలంటే ఖర్చు ఎక్కువ. బరువు తగ్గించడానికి పెద్దగా ఖర్చు ఉండదు, శ్రమ మాత్రమే కావాలి. 65 కిలోలు దించితే బండి బరువులో పదో వంతు పోయినట్టే. జెన్‌కైనా ఎస్టీమ్‌కైనా వరస ఇదే, కొలతలే మారతాయి.

కాగితాలు, నిబంధనలు

విప్పిన బండి మళ్లీ రోడ్డెక్కదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చిన వాహనాన్ని రోడ్డు మీద నడపడానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. వాహనం శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లోగా ఆర్టీఓకు తెలపాలని 55వ సెక్షన్ చెబుతుంది. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉంటే ముందు ఎన్‌ఓసీ తెచ్చి దాన్ని తీయించండి. ఆర్‌సీ లేని బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఛాసిస్ నంబర్ చెక్కిన రేకు మీద గ్రైండర్ గానీ పుట్టీ గానీ పెయింటు గానీ పడకూడదు. ఆ నంబరు చెరిగితే దొంగ బండి కాదని నిరూపించుకోవడం మీ నెత్తిన పడుతుంది.

రేసుల్లో దింపే ఉద్దేశం ఉంటే, మన దేశంలో మోటారు రేసులను చూసుకునే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఆ క్లాసుకు ఇచ్చిన నిబంధనలు తెచ్చుకుని చదివాకే ఏదైనా కోయండి. కొన్ని క్లాసుల్లో డాష్‌బోర్డు ఉండి తీరాలి, కొన్నిట్లో అసలు అద్దాలు మార్చకూడదు, కనీస బరువు ఉంటుంది. ట్రాక్ డేలకు (పోటీ లేకుండా సొంత బండిని ట్రాక్ మీద తిప్పుకునే రోజులకు) మాత్రమే అయితే ఇంత పట్టింపు ఉండదు. అయినా చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో గానీ కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో గానీ స్క్రుటినీ (ట్రాక్ మీదికి వదిలే ముందు చేసే తనిఖీ) దగ్గర బ్రేక్ లైటు, టోయింగ్ హుక్కు, బ్యాటరీ బిగింపు చూస్తారని లెక్కేసుకోండి. బండిని ట్రాక్‌కు మోసుకెళ్లడానికి ట్రక్కు కిరాయి కూడా మొదటి నుంచే బడ్జెట్‌లో ఉండాలి.

ఎలాంటి బండి కొనాలి

ఇంజిన్ పొగ వదిలినా ఫర్వాలేదు, గేర్లు శబ్దం చేసినా ఫర్వాలేదు. అవి మార్చుకోవచ్చు. బాడీ తుప్పు పట్టి ఉంటే మాత్రం వదిలేయండి. పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసుకుని రన్నింగ్ బోర్డుల వెంట, డోర్ల అడుగున, చక్రాల పైకమానుల చుట్టూ తిప్పండి. తుప్పు, సొట్టలు కప్పడానికి పెట్టిన పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. కార్పెట్ లేపి డ్రైవర్ కాళ్ల కింద, బ్యాటరీ ట్రే కింద, ముందు షాకబ్జర్లు బిగిసే టవర్ల చుట్టూ, వెనక యాక్సిల్ ఆర్ములు తగులుకునే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మొన దిగితే ఆ బండి రోల్ కేజ్‌కు, అంటే బోల్తా పడినా డ్రైవర్‌ను కాపాడేందుకు లోపల వెల్డ్ చేసే ఉక్కు గొట్టాల చట్రానికి, పనికిరాదు. కేజ్ బరువంతా, దెబ్బ తగిలినప్పుడు వచ్చే తోపంతా ఆ రేకుల మీదే పడుతుంది. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన బండి కంటే అనంతపురం, కర్నూలు వైపు తిరిగిన బండిలో రేకు బాగుండే అవకాశం ఎక్కువ.

ఏసీ లేని మోడల్ దొరికితే మంచిదే, కానీ అందుకోసం ఎక్కువ ధర పెట్టకండి. ఏసీ ఎలాగూ తీసి అమ్ముకోవచ్చు.

చోటు, సామాన్లు

గచ్చు నేల, పైన నీడ, బండి చుట్టూ ఒక మీటరు ఖాళీ ఉండాలి. మట్టి నేల మీద స్టాండ్లు దిగబడతాయి. జాకీ ఎత్తడానికే. ఎత్తాక బండి స్టాండ్ల మీదే నిలబడాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి, అవి ముందుగా ఏ శబ్దమూ చేయకుండా పగిలిపోతాయి. స్టాండు తగిలేది బండికి జాకీ పెట్టే బలమైన అంచుకి, రేకు మధ్యలో కాదు.

పానాల్లో 8, 10, 12, 14, 17, 19 సైజులు రింగ్‌లోనూ సాకెట్‌లోనూ ఉంటే చాలావరకు పని నడుస్తుంది. చక్రాల నట్లు 19. బ్రేకు పైపులకు 10 సైజు ఫ్లేర్ నట్ పానా తప్పనిసరి. మామూలు పానా పెడితే పాత నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ పైన పైపే కోయాలి. ఇంకా ఒక ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్, తుప్పు వదిలించే స్ప్రే, హీట్ గన్, స్పాట్ వెల్డ్ డ్రిల్లు బిట్టు, కళ్లద్దాలు, గ్లౌజులు, 4 కిలోల పొడి రకం మంటలార్పే సిలిండర్. సిలిండర్ ఎవరైనా అందుకోగలిగే చోట, గుమ్మం దగ్గర ఉండాలి. బండి పక్కనే పెడితే మంట వచ్చినప్పుడు దాని దగ్గరికి వెళ్లలేరు.

ఒక నోటు పుస్తకం, 100 కిలోల ప్లాట్‌ఫారం కాటా కూడా పెట్టుకోండి. తీసిన ప్రతి వస్తువునూ తూచి రాయండి. విప్పక ముందే ఒకసారి వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లి మొత్తం బరువు, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ముందు యాక్సిల్ బరువు వేయించండి. వేబ్రిడ్జి పెద్ద లారీల కోసం పెట్టింది కాబట్టి అయిదు పది కిలోల తేడా ఉంటుంది. మన లెక్కకు అది చాలు.

మొదటి పని: ప్రమాదకరమైనవన్నీ బయటికి

బండి నడుస్తుండగానే ఏసీ షాపుకు తీసుకెళ్లి గ్యాస్‌ను మెషీన్‌తో లాగించండి. పైపు వదులు చేసి గాలిలోకి వదిలితే గ్యాస్ చల్లదనానికి చేతి చర్మం కాలినట్టవుతుంది, పైగా అది వాతావరణానికి చెడ్డది. ఇంజిన్ గదినీ అడుగు భాగాన్నీ వాటర్ సర్వీసింగ్ చేయించడం కూడా అదే రోజు కానివ్వండి. మట్టి, జిడ్డు పోతేనే బోల్టు తలలు కనిపిస్తాయి.

ఎంపీఎఫ్‌ఐ మోడల్ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే రకం) అయితే ఇంజిన్ నడుస్తుండగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు లాగి, అది ఆగిపోయేదాకా వదిలేయండి. పైపుల్లో ఒత్తిడి దిగిపోతుంది. కార్బొరేటర్ మోడల్‌కు ఇది అక్కర్లేదు. తర్వాత బ్యాటరీ. ముందు నెగెటివ్ తీయాలి, తర్వాతే పాజిటివ్. పాజిటివ్ ముందు విప్పితే పానా జారి బాడీకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు ఇదే తిరగేసి, నెగెటివ్ ఆఖర్న.

పెట్రోలు చేతి పంపుతో డబ్బాలోకి, ఆరుబయట. ట్యాంకు దించాక దాన్ని షెడ్డులో పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి, గాలి కలిసి చిన్న నిప్పురవ్వకే పేలతాయి. ట్యాంకు, పెట్రోలు పైపులు బండిలో ఉన్నంతసేపు గ్రైండర్, వెల్డింగ్ ముట్టుకోవద్దు.

కూలెంట్, ఇంజినాయిలు, గేరాయిలుకు మూడు 5 లీటర్ల డబ్బాలు చాలు. మూతలు బిగించి దూరంగా పెట్టండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది కాబట్టి వీధి కుక్కలు నాకుతాయి, అది వాటి ప్రాణాలు తీసే విషం. గేరాయిలు తీసేటప్పుడు నింపే బోల్టు ముందు విప్పి చూడండి, అది రాకపోతే ఖాళీ చేసిన గేర్‌బాక్సును నింపే దారి ఉండదు.

లోపలి భాగం

సీట్లు, స్టెపినీ, జాకీ, డిక్కీలో చెక్క పలక, పార్సిల్ ట్రే, కార్పెట్. ఇది సగం రోజు పని, దీని గురించి చెప్పేదేమీ లేదు. సీటు బెల్టుల దగ్గర మాత్రం ఆగండి. ఆ బోల్టులు మిగతా వాటిలా మిల్లీమీటర్ల మరలు కావు, 7/16 అంగుళం మరలు. విడిగా కవర్లో వేసి, తీసిన రంధ్రాలు బాగున్నాయో లేదో చూసుకోండి. రేసు సీటు బెల్టులో (హార్నెస్‌లో) నడుము పట్టీలకు ఆ చోట్లే పనికొస్తాయి. దొరికింది కదా అని మామూలు 10 మి.మీ. బోల్టు అందులో పెట్టి తిప్పితే ఒకటి రెండు చుట్లు పట్టినట్టే ఉంటుంది. బలం పడగానే ఊడి వస్తుంది.

డోర్ ప్యాడ్ దగ్గర చాలామంది హ్యాండిల్ విరగ్గొడతారు. అద్దం తిప్పే హ్యాండిల్‌కు బయటికి ఏ స్క్రూ కనబడదు. ప్యాడ్‌కూ హ్యాండిల్‌కూ మధ్య సందులో గుర్రపు నాడా ఆకారంలో ఒక తీగ క్లిప్పు ఉంటుంది. పాత లుంగీ గుడ్డను పొడుగ్గా చింపి, ఆ సందులో దూర్చి, రెండు చివరలు పట్టుకుని షూ పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే గుడ్డ పోగు క్లిప్పు కొసకు తగులుకుని దాన్ని బయటికి ఎగరేస్తుంది. రెండో చెయ్యి అడ్డు పెట్టండి, లేకపోతే ఆ క్లిప్పు మళ్లీ కనబడదు. ప్యాడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులను మాత్రం ఒక్కొక్కదాని పక్కనే పలుచటి పట్టీ పెట్టి లేపాలి. దూరం నుంచి లాగితే అట్ట చిరిగి క్లిప్పు డోరులోనే ఉండిపోతుంది.

స్టీరింగ్ తీసేటప్పుడు చక్రం ఏ స్థానంలో ఉందో షాఫ్టు మీదా చక్రం మీదా ఒకే గీత గీయండి. మధ్య నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు మిగల్చండి. ఆ తర్వాతే చక్రాన్ని లాగండి. నట్టు పూర్తిగా తీసేసి లాగితే ఒక్కసారిగా ఊడి ముక్కు పగులుతుంది. 800లో ఎయిర్‌బ్యాగ్ లేదు కాబట్టి సరిపోయింది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారు విప్పుతుంటే దాని కనెక్టర్లకు మల్టీమీటర్ పెట్టకండి, టెస్ట్ లైటు పెట్టకండి. తెలిసిన వాళ్ల చేతే తీయించండి.

డాష్‌బోర్డు బయటికి రావాలంటే స్టీరింగ్ కాలమ్ కిందికి దించాలి, మీటర్ వెనక చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ విడదీయాలి, హీటర్ తీగలు, చోక్ కేబుల్ వదలాలి. డాష్ కదిలి కూడా రాకపోతే ఎక్కడో బోల్టు మిగిలిందన్నమాటే, బలం పెట్టొద్దు. దాని వెనక కాలమ్‌ను పట్టుకునే ఇనుప అడ్డం ఉంటుంది. కేజ్‌లో దాని స్థానంలో ఒక గొట్టం వచ్చి కాలమ్‌ను దానికి బిగించేదాకా ఆ అడ్డాన్ని కోయకండి.

హీటర్ తీస్తే ఇంజిన్ నుంచి వచ్చే రెండు పైపులనూ ఒకే పైపుతో కలిపి వలయం చేయండి. విడివిడిగా మూస్తే నీళ్ల ప్రవాహం ఆగి, ఇంజిన్ వేడి పట్టడం, చల్లబడటం తేడా వస్తుంది.

వైరింగ్: ఇక్కడే బండ్లు ఆగిపోతాయి

వైరు కోసేస్తే నిమిషంలో అయిపోతుంది, వెతుక్కోవడానికి వారాలు పడుతుంది. ఒక్క వైరు కూడా కోయకుండా మొత్తం వైర్ల కట్టను (వైరింగ్ హార్నెస్‌ను) ఒకే ముక్కగా బయటికి తీయండి. ప్రతి కనెక్టర్‌కు రెండు వైపులా మాస్కింగ్ టేపు చుట్టి ఒకే నంబర్ రాయండి, దాని మీద పారదర్శక టేపు చుట్టండి. మార్కర్ సిరా నూనె తగిలితే రెండు రోజుల్లో చెరిగిపోతుంది. నోటు పుస్తకంలో ఆ నంబర్, అది దేనికి పోతుంది, వైరు రంగు, దాని మీది చార రంగు రాయండి. కనెక్టర్ విప్పక ముందు ఫోటో, విప్పాక ఫోటో.

హార్నెస్‌ను ప్లైవుడ్ మీద బండిలో ఉన్న ఆకారంలోనే పరిచి మేకులతో ఆపండి. టేపు విప్పి, అక్కర్లేని సర్క్యూట్లను ఒక్కొక్కటిగా ఆ చివర నుంచి ఈ చివర దాకా బయటికి లాగండి: స్టీరియో, లోపలి లైట్లు, ఏసీ బ్లోవర్, వెనక డీఫాగర్. ఉంచాల్సినవి స్టార్టర్, ఛార్జింగ్, ఇగ్నిషన్, ఉంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు), ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాను, ఆయిల్ లైటు, టెంపరేచర్ మీటరు, బ్రేక్ లైట్లు, వైపర్. తాళంలో ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న మోడల్ అయితే తాళం చుట్టూ ఉండే యాంటెనా రింగు, దాని వైర్లు పోగొట్టకండి. అవి లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

మూడు తప్పులు పదే పదే జరుగుతాయి.

మొదటిది ఛార్జింగ్ లైటు. మీటర్ బోర్డు తీసి పారేస్తే దాంట్లోని బ్యాటరీ గుర్తు బల్బు కూడా పోతుంది. చాలా ఆల్టర్నేటర్లకు మొదట్లో కరెంటు అందేది ఆ బల్బు గుండానే. అది లేకపోతే ఆల్టర్నేటర్ బాగానే ఉన్నా ఛార్జ్ చేయదు, నాలుగు ల్యాపులకు ఇంజిన్ మిస్ కొట్టడం మొదలవుతుంది. కొత్త ప్యానెల్‌లో అదే వాటేజీ బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ ఒక్కటే పెడితే చాలినంత కరెంటు పోదు.

రెండోది ఎర్త్. పెయింటు వేశాక ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ పెట్టడం మరిచిపోతారు, లేదా పెయింటు మీదే బిగిస్తారు. స్టార్టర్ కరెంటు వేరే దారి వెతుక్కుని క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోతుంది. కేబుల్ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కరిగి బిగుసుకుంటుంది. యాక్సిలరేటర్ తెరిచిన స్థితిలో బిగుసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎర్త్ చోట్లలో పెయింటు గీకి, బిగించాక పైన గ్రీజు రాయండి.

మూడోది కిల్ స్విచ్, అంటే ప్రమాదంలో బండిలో కరెంటంతా ఒకేసారి తెంచేది. బ్యాటరీ ఒక్కదాన్నే తెంచే స్విచ్ పెడితే ఇంజిన్ ఆగదు, ఆల్టర్నేటర్ కరెంటుతో నడుస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్‌నూ ఒకేసారి తెంచే ఆరు టెర్మినళ్ల రకం కావాలి.

తారు షీట్లు

నేల రేకు మీద శబ్దం రాకుండా అంటించిన తారు షీట్లు ఈ బండిలో పెద్ద కార్లంత ఉండవు. అయినా కేజ్ పాదాలు వెల్డ్ చేసే చోట వాటి జాడ కూడా ఉండకూడదు. తారు వేడికి మండి పొగ వస్తుంది, వెల్డింగ్‌లో గాలి బుడగలు మిగులుతాయి.

మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే తారు జిగురై గీకుడు కర్రకు, చేతులకు, మోకాళ్లకు అంటుకుంటుంది తప్ప ఊడదు. డ్రై ఐస్ దొరికితే అదే మేలు. పలకలుగా పగలగొట్టి షీటు మీద పరిచి పది నిమిషాలు ఆగి, రబ్బరు సుత్తితో కొడితే పెంకులుగా ఊడి వస్తుంది. మైనస్ 78 డిగ్రీల చలికి తారు పెళుసెక్కి, రేకు కంటే ఎక్కువ ముడుచుకుని పట్టు వదులుతుంది. మందపాటి గ్లౌజులు వేసుకోండి, డోర్లన్నీ తెరవండి. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ బరువైన వాయువు, బండి నేలలో నిలబడిపోయి ఊపిరి ఆడనివ్వదు. డ్రై ఐస్ దొరక్కపోతే హీట్ గన్, పదును లేని ఉలి, ఓపిక. మిగిలిన జిడ్డు కిరసనాయిలుతో, ఆఖర్న థిన్నర్‌తో తుడవాలి.

రేకులు కలిసే అతుకుల్లో ఉన్న సీలెంట్‌ను మాత్రం ఊరికే గీకకండి. ఆ అతుకు నీళ్లు దూరకుండా అదే కాపాడుతుంది. బయటపడ్డ రేకుకు ఆ సాయంత్రానికే ప్రైమర్ కొట్టండి. కోస్తా తేమలో రాత్రికి రాత్రే ఎర్రగా తుప్పు పూస్తుంది.

అద్దాలు, డోర్లు

ముందు అద్దం రబ్బరు బీడింగులో కూర్చుంటుంది. లోపలి నుంచి ఒక మూల దగ్గర బీడింగు పెదవిని చెక్క ముక్కతో రేకు అంచు దాటేలా మడుస్తూ, అద్దాన్ని అరచేతులతో సమంగా బయటికి తోయాలి. బయట ఇంకొకరు పట్టుకోవాలి. అది రెండు పొరల అద్దం, ఒకే చోట నొక్కితే చీలుతుంది. పక్క అద్దాలు, వెనక అద్దం వేరే రకం. మధ్యలో గుద్దినా తట్టుకుంటాయి కానీ అంచుకు రాయి తగిలితే చాలు, గుప్పెడు గుప్పెడు ముక్కలవుతాయి. దించాక గోనె సంచి మీద నిలబెట్టండి, పడుకోబెట్టకండి. వెనక, పక్క అద్దాల బదులు 3 మి.మీ. పాలికార్బొనేట్ పెట్టవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటేనే. యాక్రిలిక్ వద్దు, పగిలితే కత్తుల్లా ఉంటుంది. ముందువైపు మాత్రం తీసిన అద్దమే తిరిగి పెట్టండి.

డోర్లు, బానెట్ తీసే ముందు కీలు పట్టీల చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. బానెట్ లోపలి పలక బరువని కోసేస్తే పైరేకు వేగానికి రెపరెపలాడి, ఆఖరికి తెరుచుకుని అద్దం మీద పడుతుంది.

ఇంజిన్, సస్పెన్షన్

సైలెన్సర్ బోల్టులు వేడికి కాలి కాలి పెళుసెక్కి ఉంటాయి. ముందు రోజు సాయంత్రమే స్ప్రే కొట్టి, మర్నాడు వదులు చేయబోయే ముందు కాస్త బిగించండి. తుప్పు పొర పగలడానికి ఆ చిన్న కదలిక చాలు. అప్పటికీ రాకపోతే గ్యాస్ మంటతో నట్టును వేడి చేయాలి, బోల్టును కాదు.

ముందు హబ్ నట్లను చక్రాలు నేల మీద ఉండగా, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే వదులు చేయండి. గాలిలో ఉన్నప్పుడు అంత బలం పెడితే బండి స్టాండ్ల మీద నుంచి జారుతుంది. డ్రైవ్ షాఫ్టును చేత్తో పట్టి లాగితే లోపలి జాయింటు ఊడిపోతుంది. గేర్‌బాక్సు గోడకూ జాయింటుకూ మధ్య ప్రై బారు పెట్టి ఎత్తాలి. షాఫ్టులు తీసేశాక హబ్ వదులుగా ఉన్న బండిని దొర్లించకండి, బేరింగులు పాడవుతాయి.

ఇంజిన్, గేర్‌బాక్సు కలిపి ఒకేసారి పైకి తీయవచ్చు. ఒక టన్ను చైన్ బ్లాక్ సరిపోతుంది. దాన్ని వేలాడదీసే దూలం ఎంత బరువు మోస్తుందో ముందు చూసుకోండి, రేకుల షెడ్డు పైపులకు కట్టకండి. ఎత్తే ముందు చుట్టూ ఒకసారి తడమండి. ఎర్త్ పట్టీ, గేరు రాడ్డు, స్పీడోమీటర్ కేబుల్, వీటిలో ఒకటి ఎప్పుడూ మిగిలిపోతుంది.

ముందు షాకబ్జర్లు బయటికి తీయడానికి టవర్ మీద అంచున ఉన్న నట్లు మాత్రమే విప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు స్ప్రింగును అణచిపెట్టి ఉంచేది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాన్ని విప్పితే మనిషిని చంపేంత బలంతో ఎగురుతుంది. కింద నకిల్‌కు (హబ్‌ను పట్టుకునే ముక్కకు) బిగించిన బోల్టుల చోట గీత పెట్టుకోండి. బరువు తగ్గించే మోజులో ముందు యాంటీరోల్ బారును తీసేద్దామని చూడకండి. ఈ బండిలో కింది ఆర్మును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకునేది అదే. వెనక షాకబ్జర్ కింది బోల్టు తీసే ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి మెల్లగా దించండి, యాక్సిల్ బ్రేకు రబ్బరు పైపు మీద వేలాడకూడదు. ఆ రబ్బరు పైపులు ఎలాగూ కొత్తవి వేయాలి. పాత బ్రేకు లైనర్ల పొడిని గాలి కొట్టి ఎగరేయకండి, తడి గుడ్డతో తుడవండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

కోయడం, తర్వాత బరువు లెక్క

ఇప్పుడు గ్రైండర్ తీయవచ్చు. సీటు రైలు అడ్డాలు, వెనక సీటు కొక్కేలు, స్టెపినీ బ్రాకెట్, డాష్ క్లిప్పులు, ఇలాంటివే కోయాలి. ఇవి చాలావరకు స్పాట్ వెల్డులతో అంటుకుని ఉంటాయి. స్పాట్ వెల్డ్ బిట్టుతో పైరేకు వరకే తొలిస్తే బ్రాకెట్ చేతికొస్తుంది, కింది రేకు చెక్కు చెదరదు. గ్రైండర్‌తో కోస్తే కింది రేకు పలుచబడుతుంది. రన్నింగ్ బోర్డులు, టవర్లు, మధ్య స్తంభాలు, అడ్డ దూలాలు, పైకప్పు అంచులు ముట్టుకోవద్దు.

ఇంజిన్ గది నుంచి క్యాబిన్‌లోకి ఏసీ పైపులు, హీటర్ పైపులు వదిలిన రంధ్రాలన్నిటికీ ఒక మిల్లీమీటరు రేకు వెల్డ్ చేయండి. రబ్బరు మూత, టేపు మంటను ఆపవు.

తీసిన వాటి లెక్క చూస్తే ఎక్కువ బరువు సీట్లు, ఏసీ, స్టెపినీల్లోనే ఉందని తెలుస్తుంది. రోజంతా గీకిన తారు కొద్దిపాటే. పైగా కేజ్ వచ్చి ఇందులో కొంత వెనక్కి తీసుకుంటుంది. ప్రపంచ మోటారు క్రీడల సంఘం ఎఫ్‌ఐఏ లెక్క ప్రకారం ప్రధాన హూప్‌కు (డ్రైవర్ వెనక కమానులా నిలబడే గొట్టానికి) అతుకు లేని ఉక్కు గొట్టం 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 వ్యాసం, 2 మందం ఉండాలి. 45 గొట్టం మీటరుకు 2.6 కిలోల పైచిలుకు తూగుతుంది. మిగతా వాటికి వాడే 40 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం గొట్టం మీటరుకు 1.9 కిలోల దాకా. చిన్న కేజ్‌కే పదిహేను మీటర్ల గొట్టం పడుతుంది, అంటే 30 కిలోల పైన. నీళ్ల పైపు, ఫర్నిచర్ పైపు వాడి ఈ బరువు తగ్గించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. హూప్ పాదాల కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల ఉక్కు పలక రేకుకు వెల్డ్ చేయాలి. బోల్టులు 8 మి.మీ., 8.8 గ్రేడు కంటే తక్కువ వద్దు.

బరువు ఎక్కడ నుంచి పోయిందన్నది కూడా రాసుకోండి. 800లో ఇంజిన్, గేర్‌బాక్సు ముందే ఉన్నాయి. వెనక సీటు, స్టెపినీ, అద్దాలు పోతే వెనక భాగం తేలికై బ్రేకు తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరుగుతుంది. బ్యాటరీని వెనక్కి మార్చడం దీనికి కొంత మందు. 25 చదరపు మి.మీ. తగ్గని రాగి కేబుల్ వేయండి, 35 అయితే ఇంకా మంచిది. రేకు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ ఉండాలి. వెనక స్ప్రింగులు బరువు తగ్గి పైకి లేస్తాయి కాబట్టి కొత్త స్ప్రింగులు ఎంచుకునేది విప్పడం అయ్యాక తూకం వేసే, ముందు కాదు. అలైన్‌మెంట్ కూడా అంతే.

షెల్ (అన్నీ విప్పాక మిగిలిన ఖాళీ బాడీ) కేజ్ వెల్డింగ్‌కు వెళ్లే ముందు గీసిన గీతల మీదే నాలుగు డోర్లూ తిరిగి బిగించి, మూసి తెరిచి చూడండి. వెల్డింగ్ వేడికి బాడీ కొద్దిగా లాగుతుంది. డోర్లు లేకుండా వెల్డ్ చేస్తే ఆ సంగతి అంతా అయ్యాక, గొళ్లెం పడనప్పుడు తెలుస్తుంది. ఒకే మూల నుంచి వరసగా కాకుండా ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు, ఎడమ వెనక చొప్పున పాదాలకు ముందు చుక్కలు పెట్టించి, డోర్లు మళ్లీ ఒకసారి మూసి చూశాకే పూర్తి వెల్డ్ వేయించండి.